అంచు చూసి బిళ్ల కొనాలి!

* పాత పోకర్ చిప్పుల మీది అచ్చుల్ని గుర్తుపట్టేదెలా?
* కాసు అనుకుంటే ఇత్తడి కావచ్చు... ఇంగ్లండ్‌లో మనవాళ్లు తెలుసుకోవాల్సిన సంగతులు

నార్తాంప్టన్: ఆదివారం పొద్దున్నే ఇంగ్లండ్‌లో ఏ ఊరి శివారుకి వెళ్లినా ఓ మైదానంలో వరసగా కార్లు, తెరిచి పెట్టిన డిక్కీలు, వాటి ముందు బల్లలు కనిపిస్తాయి. ఇంట్లో అక్కర్లేని సామానంతా అక్కడే! పింగాణీ కప్పులు, పిల్లల సైకిళ్లు, పాత కెమెరాలు... డిక్కీని ఇక్కడ బూట్ అంటారు కాబట్టి ఈ సంతకి కార్ బూట్ సేల్ అని పేరు. బూట్ల తయారీకి ప్రపంచ ప్రసిద్ధి చెందిన నార్తాంప్టన్‌లో ‘బూట్’ అంటే రెండర్థాలూ ఉన్నాయన్న మాట!

చుట్టుపక్కల గోడౌన్లలో నైట్ షిఫ్టులు చేసే మన కుర్రాళ్లు, కొత్తగా కాపురం పెట్టినవాళ్లు ఇలాంటి చోట్ల కుక్కర్లు, కుర్చీలు చవగ్గా కొనుక్కోవడం మామూలే. ఆ బల్లల మీదే ఓ రేకు డబ్బాలో గుండ్రటి బిళ్లలు కనిపిస్తుంటాయి. పచ్చగా మెరిసేవి కొన్ని, మట్టిరంగువి కొన్ని, పాలతెలుపువి కొన్ని. పచ్చబిళ్ల మీద రాజుగారి బొమ్మ చూడగానే ఎవరికైనా గుండె ఒక్కసారి ఝల్లుమంటుంది. ‘బంగారమేమో?’ అనిపిస్తుంది. అక్కడే ఆగాలి! ఎందుకంటే వాటిలో చాలావరకు నాణేలు కావు. పాతకాలపు పేకాట బిళ్లలు. కొన్ని రూపాయికి కొరగానివి, కొన్ని సేకర్తలు వెతికి మరీ కొనేవి. ఏది ఏదో చెప్పేది ఆ బిళ్ల మీది అచ్చే.

చింతపిక్కల నుంచి చిప్పుల దాకా

మన ఇళ్లలో అష్టాచెమ్మాకి చింతపిక్కలు, గవ్వలు వాడతాం కదా. పందెం లెక్క మర్చిపోకుండా పేకాటలో కూడా ఏదో ఒక గుర్తు కావాలి. మన క్లబ్బుల్లో వాటినే కాయిన్లు, టోకెన్లు అంటారు. సికింద్రాబాద్‌లోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బు మీద 1963లో పోలీసులు దాడి చేశారు. అప్పుడు వాళ్లకి దొరికినవాటిలో డబ్బుతోపాటు ఈ కౌంటర్లు కూడా ఉన్నాయి. ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పదమూడు ముక్కల రమ్మీలో ప్రధానంగా ఉండేది నైపుణ్యమేనని 1967లో తీర్పు వచ్చింది. దేశంలో రమ్మీ గురించి ఏ వాదన వచ్చినా ఇప్పటికీ ఆ తెలుగు గడ్డ మీది కేసే ముందుకొస్తుంది.

ఇంగ్లండ్‌లోనూ కథ అంతే. పద్దెనిమిదో శతాబ్దంలో ఉన్నవాళ్ల ఇళ్లలో సాయంత్రమైతే పేకాటే కాలక్షేపం. అప్పట్లో ఎముకతో, ముత్యపు చిప్పతో, ఇత్తడితో బిళ్లలు చేయించుకున్నారు. పంతొమ్మిదో శతాబ్దం చివరికి అమెరికాలో పోకర్ ఊపందుకుంది. అక్కడ మట్టి మిశ్రమంతో చేసిన చిప్పులు వచ్చాయి. ఇవాళ సేకర్తలు ‘పాత పోకర్ చిప్పులు’ అంటే ఎక్కువగా చెప్పేది వీటినే. ఇంగ్లండ్ సంతలో మాత్రం ఈ నాలుగు రకాలూ ఒకే డబ్బాలో కలిసిపోయి ఉంటాయి. కాబట్టి ముందు రకం విడదీయాలి. ఆ తర్వాతే అచ్చు చదవాలి.

కాసు కాదు... కంబర్లాండ్ జాక్!

ముందుగా ఇత్తడి సంగతి. మనవాళ్లు మోసపోయే అవకాశం ఎక్కువున్నది ఇక్కడే.

మూడో జార్జి కాలంలో గినీ అనే బంగారు నాణెం ఉండేది. దాని విలువ 21 షిల్లింగులు. 1787 నుంచి 1799 వరకు వచ్చిన గినీల వెనకవైపు డాలు బొమ్మ అచ్చం పేకముక్క మీది ఇస్పేటు ఆకారంలో ఉంటుంది. అందుకే వాటికి ‘ఇస్పేటు గినీ’ అని పేరు. విక్టోరియా కాలంలో ఇదే డిజైన్‌తో పేకాట కోసం ఇత్తడి బిళ్లలు కుప్పలు తెప్పలుగా తయారయ్యాయి. అలాంటి చిల్లర లోహపు సామాన్లకు బర్మింగ్‌హామ్ పెట్టింది పేరు.

తేడా కనిపెట్టడం కష్టమేమీ కాదు. అసలు గినీ వెనక డాలు చుట్టూ రాజుగారి బిరుదుల్ని పొడి అక్షరాల్లో చెక్కారు. ఇత్తడి బిళ్లల్లో చాలావాటి మీద ఆ చోట ‘ఆ మంచి పాత రోజుల జ్ఞాపకార్థం’ అనే అర్థం వచ్చే ఇంగ్లిషు వాక్యం ఉంటుంది. కొన్నిటి మీద తయారీదారు పేరు, ఇంకొన్నిటి మీద దుకాణం ప్రకటన కూడా ఉంటాయి. ఇంకో తమాషా ఏంటంటే కొన్ని బిళ్లల మీద 1768 అని ఉంటుంది. ఇస్పేటు డాలు పుట్టిందే 1787లో అయితే 1768 నాటి బిళ్ల మీదికి అదెలా వస్తుంది? సంవత్సరం చదివితే చాలు, గుట్టు తెలిసిపోతుంది.

రెండోది ఇంకా ప్రమాదకరం. మనకు కాసు అంటే ఎనిమిది గ్రాముల బంగారం. ఇంగ్లండ్ సవరన్ బరువు 7.98 గ్రాములు, అడ్డం 22 మిల్లీమీటర్ల పైచిలుకు. అమ్మమ్మల కాసులపేరు చూసి పెరిగినవాళ్లకి విక్టోరియా రాణి తల, వెనక గుర్రం మీద వీరుడు కనిపిస్తే ఇక ఆలోచన ఏముంటుంది? ‘సవరనే’ అనేస్తారు. కానీ ఆ గుర్రం బొమ్మ పక్కన ‘హనోవర్‌కి’ అన్న మాట, 1837 అన్న సంవత్సరం ఉన్నాయేమో చూడండి. ఉంటే అది కంబర్లాండ్ జాక్ అనే ఇత్తడి బిళ్ల.

దీని వెనక రాజకీయం ఉంది. 1837లో విక్టోరియా ఇంగ్లండ్ రాణి అయింది. జర్మనీలోని హనోవర్ రాజ్యానికి కూడా అంతవరకు ఇంగ్లండ్ రాజే రాజు. కానీ అక్కడి చట్టం ప్రకారం ఆడవాళ్లకి గద్దె దక్కదు. దాంతో ఆమె చిన్నాన్న, కంబర్లాండ్ డ్యూక్ అక్కడికి రాజుగా వెళ్లాడు. ఆయనంటే ఇంగ్లండ్ జనానికి పడేది కాదు. ‘పీడ విరగడైంది’ అన్నట్టుగా ఆయన్ని గుర్రమెక్కించి ఈ బిళ్లలు కొట్టారు. తర్వాత అవే పేకాటలో కౌంటర్లయ్యాయి. మసక వెలుగులో సవరన్లుగా చలామణీ చేసిన ఘనులూ ఉన్నారు. చివరికి నాణేల పోలికతో బిళ్లలు చేయడాన్ని అడ్డుకుంటూ 1883లో చట్టమే వచ్చింది.

బరువు కూడా అబద్ధం చెప్పదు. 22 క్యారెట్ల బంగారం సాంద్రత ఇత్తడికి సుమారు రెట్టింపు. జేబులో పట్టే చిన్న తూకం మెషీన్ ఉంటే అనుమానం అక్కడికక్కడే తీరిపోతుంది. ఇత్తడి బిళ్లల ధర మామూలుగా కొన్ని పౌండ్లే. ఆ ధరకి కొంటే సరదా, సవరన్ ధరకి కొంటే మోసం!

ముత్యపు చిప్పలో చేపలు

పాలతెలుపు బిళ్లల్లో అందమైనవి ముత్యపు చిప్పతో చేసినవి. చైనాలోని కాంటన్ పనివాళ్లు వీటిని చెక్కేవారు. పద్దెనిమిదో శతాబ్దంలో, పంతొమ్మిది మొదట్లో ఈస్టిండియా కంపెనీ వ్యాపారం ద్వారా ఇంగ్లండ్ కుటుంబాలు సెట్లకు సెట్లు తెప్పించుకున్నాయి. గుండ్రటివి, పొడుగువి, చేప ఆకారంవి ఉంటాయి. నడుమ ఆ ఇంటివాళ్ల పొడి అక్షరాలో, వంశ చిహ్నమో ఉంటుంది. ఆ చిహ్నాన్ని బట్టి ఏ కుటుంబందో తేలితే విలువ పెరుగుతుంది. అన్నట్టు, జేన్ ఆస్టిన్ రాసిన ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ నవలలో లిడియా తాను ఓడిన చేపలు, గెలిచిన చేపల గురించి తెగ మాట్లాడుతుంది. అవి చెరువులో చేపలు కావు, ఈ పేకాట చేపలే!

తెల్లబిళ్ల ఎముకా, దంతమా అన్నది తేల్చుకోవడం మరీ ముఖ్యం. భూతద్దంలో సన్నటి నల్ల చుక్కలు, గీతలు కనిపిస్తే ఎముక. ఒకదాన్నొకటి కోసుకుంటూ వంపు గీతలు జాలీలా కనిపిస్తే ఏనుగు దంతం. గీతలన్నీ స్కేలు పెట్టి గీసినట్టు సమాంతరంగా ఉంటే పాతకాలపు ప్లాస్టిక్. కాల్చిన సూదితో గుచ్చి చూడమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. బిళ్ల పాడవుతుంది, విలువ పోతుంది.

మట్టి చిప్పు... లక్క బంధం

ఇప్పుడు అసలైన పోకర్ చిప్పు దగ్గరికి వద్దాం. పేరుకి మట్టి చిప్పే గానీ కుండలా కాల్చింది కాదు. మెత్తటి మట్టిపొడిలో లక్క, రంగు కలిపి వేడిచేసి రెండు లోహపు అచ్చుల మధ్య గట్టిగా నొక్కుతారు. మన ఏటికొప్పాక బొమ్మల మీద మెరిసే లక్కే ఇక్కడ జిగురులా పనిచేస్తుందన్న మాట. ఒకదానిమీద ఒకటి పేరిస్తే జారవు. బల్లమీద వేస్తే ప్లాస్టిక్‌లా టకటకమనవు, మెత్తగా మోగుతాయి.

ఈ చిప్పుల మీద డిజైన్ మూడు దారుల్లో వస్తుంది.

చెక్కుడు: చిప్పు తయారయ్యాక పైన బొమ్మ గీసి గాట్లలో రంగు నింపుతారు. గోరుతో రాస్తే గాడి తగులుతుంది. పాత సెలూన్ చిప్పుల్లో ఇవి చాలా ఉన్నాయి.

పొదుగుడు: వేరే రంగు బొమ్మను చిప్పులోకే దించి కలిపి నొక్కుతారు. గోరుకి గాడి తగలదు, అంతా సమానంగా ఉంటుంది. పని ఎక్కువ కాబట్టి సేకర్తల దగ్గర మర్యాద కూడా ఎక్కువ.

అంచు అచ్చు: నడుమ క్లబ్బు పేరు, విలువ ఉంటాయి. చుట్టూ అంచు మీద మాత్రం తయారీ కంపెనీ సొంత అచ్చు వరసగా పడుతుంది. దొంగ చిప్పులు చేసేవాడికి నడుమ అక్షరాలు కొట్టడం తేలికే. అంచు అచ్చును దించడం కష్టం. అందుకే ఈ ఏర్పాటు.

కొత్తగా సేకరణ మొదలుపెట్టేవాళ్లు నడుమ ఉన్న పేరు చూసి మురిసిపోతారు. ఆరితేరినవాళ్లు అంచు చూస్తారు. తేడా అదే!

టోపీ, కిరీటం, గుర్రం తల

అంచు అచ్చులకి సేకర్తలు బొమ్మను బట్టి పేర్లు పెట్టుకున్నారు. బాగా ప్రసిద్ధమైంది ‘టోపీ–చేతికర్ర’. పొడుగు టోపీ, పక్కనే వాలు కర్ర. ఇది పాల్సన్ కంపెనీ ముద్ర. పాల్ ఎండీ 1963లో లాస్ వేగాస్‌లో మొదలుపెట్టిన ఈ కంపెనీ తర్వాత ఇతర సంస్థలతో కలిసిపోయింది. ‘చిన్న కిరీటం’ కనిపిస్తే లాస్ ఏంజెలిస్‌కి చెందిన టి.ఆర్. కింగ్ కంపెనీది అని తెలుస్తుంది. ‘గుర్రం తల’ అచ్చులో గుర్రం ఎడమకి చూస్తోందా, కుడికి చూస్తోందా అన్నది కూడా లెక్కే. ‘గ్రీకు తాళం’ అంటే మన గుమ్మాల చుట్టూ వేసే మెలికల అంచు ముగ్గులాంటిది. అందులో పెద్దది, చిన్నది అని మళ్లీ రెండు రకాలు.

ఇక్కడో జాగ్రత్త. అచ్చు తెలిసినంత మాత్రాన తారీఖు తెలిసినట్టు కాదు. ఒకే అచ్చును కంపెనీలు ఏళ్ల తరబడి వాడాయి. కంపెనీ చేతులు మారితే అచ్చూ చేతులు మారేది. కాబట్టి అచ్చు ఇంటిపేరు లాంటిది. అది ఏ కుటుంబమో చెప్తుంది. ఎప్పుడు పుట్టిందో తేల్చాలంటే నడుమ ఉన్న పేరు, అంచు రంగుల చుక్కలు, కొలత, క్లబ్బు ఏ ఏళ్లలో నడిచింది అన్నవి కూడా చూడాలి. తయారీ కంపెనీల ఆర్డరు రికార్డులు దొరికిన చోట చిప్పు మీది పొడి అక్షరాలు ఏ ఊరి క్లబ్బువో కూడా బయటపడింది. మామూలు చిప్పు ఒక్కసారిగా చరిత్ర అయ్యేది అప్పుడే. డేల్ సీమోర్ 1985లో తెచ్చిన ‘యాంటిక్ గ్యాంబ్లింగ్ చిప్స్’ పుస్తకం ఈ పాత బిళ్లల్ని ఓ క్రమంలో పెట్టింది.

బూటుకీ అచ్చే, బిళ్లకీ అచ్చే

నార్తాంప్టన్‌లో ఉన్నవాళ్లకి ఈ విద్య అర్థం కావడం సులువు. ట్రికర్స్ 1829 నుంచి, చర్చ్స్ 1873 నుంచి, క్రాకెట్ అండ్ జోన్స్ 1879 నుంచి నడుస్తున్న ఊరిది. గిల్డ్‌హాల్ రోడ్డులోని మ్యూజియంలో సుమారు 15 వేల పాదరక్షలున్నాయి. ఇక్కడ తయారైన మంచి బూటు లోపలి తోలు చూస్తే సైజు, వెడల్పు, ఏ కాలి అచ్చు మీద కుట్టారో చెప్పే అంకెలు, గుర్తులు ఉంటాయి. తెలిసినవాళ్లు పైన మెరుపు చూడరు. తిరగేసి అడుగు చూస్తారు, లోపలి అంకెలు చదువుతారు. చిప్పు విషయంలోనూ అంతే. ఇంటి దగ్గర ఇలా చేయండి.

పెన్సిల్ పరీక్ష: చిన్నప్పుడు రూపాయి బిళ్ల మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే మూడు సింహాలు వచ్చేవి, గుర్తుందా? అదే ఇక్కడా పనికొస్తుంది. అరిగిపోయిన అంచు అచ్చు కంటికి కనపడకపోయినా కాగితం మీద బయటపడుతుంది. మెల్లగా రుద్దాలి సుమా!

టార్చి పరీక్ష: సెల్‌ఫోన్ టార్చిని పైనుంచి కాకుండా పక్కనుంచి వేయండి. నీడలు పడి బొమ్మ లేచి కనిపిస్తుంది. ఫొటో కూడా అలాగే తీయాలి.

అయస్కాంతం పరీక్ష: అంటుకుందంటే లోపల ఇనప బిళ్ల పెట్టి ప్లాస్టిక్ పోత పోసిన ఈ కాలపు చిప్పు. పాత మట్టి చిప్పులో ఇనుముండదు.

కొలత: అడ్డం మిల్లీమీటర్లలో, బరువు గ్రాముల్లో రాసుకోండి. కాసినో చిప్పులు సాధారణంగా 39 మిల్లీమీటర్లుంటాయి. రెండు చిప్పులు ఒకే సెట్టువని చెప్పి అమ్ముతుంటే అంచు అచ్చు, కొలత రెండూ కలవాలి.

కడగొద్దు: లక్క కలిసిన చిప్పుకి వేడినీళ్లు పడవు. ఇత్తడి బిళ్లని చింతపండుతో తోమి మెరిపించాలని అసలు చూడకండి. పూజ సామాను వేరు, ఇది వేరు. మెత్తటి పొడి బ్రష్‌తో దులిపితే చాలు.

మన సర్కారు జిల్లాల రాగి డబ్బులు

అచ్చు చదవడం వస్తే మన ఊళ్లో జరిగే మోసాల నుంచి కూడా తప్పించుకోవచ్చు. రాముడు, సీత, ఆంజనేయుడి బొమ్మలతో ‘ఈస్టిండియా కంపెనీ 1818’ అని ఉన్న రాగి బిళ్లలు లక్షలు పలుకుతాయని ప్రచారం చేసేవాళ్లున్నారు. బియ్యం గింజల్ని లాగేస్తుందంటూ ‘రైస్ పుల్లింగ్’ పేరుతో అమాయకుల్ని ముంచిన ముఠాలను ఉభయ రాష్ట్రాల పోలీసులు ఎన్నోసార్లు పట్టుకున్నారు. ‘మీ అబ్బాయి విదేశాల్లో ఉన్నాడుగా, అక్కడ కోట్లకి అమ్ముకోవచ్చు’ అన్న మాటతోనే పెద్దవాళ్లు మెత్తబడతారు.

కంపెనీ అలాంటి రాగి బిళ్లల్ని ఎన్నడూ నాణేలుగా చలామణీలోకి తేలేదు. మరి నిజమైనవి ఎలా ఉంటాయి? నార్తాంప్టన్ నుంచి రైల్లో గంట దూరంలో బర్మింగ్‌హామ్ ఉంది కదా. అక్కడ మాథ్యూ బోల్టన్ నడిపిన సోహో టంకశాలలో 1794, 1797 సంవత్సరాల ముద్రతో మన ఉత్తర సర్కారుల కోసం రాగి నాణేలు కొట్టారు. వాటి మీద ఒకవైపు కంపెనీ చిహ్నం, లాటిన్ మాటలు ఉంటాయి. రెండోవైపు కంపెనీ సరుకు మూటల మీద వేసే గుర్తు, ‘48 కలిపితే రూపాయి’ అన్న మాట ఉంటాయి. గుంటూరు, బందరు, రాజమండ్రి, చికాకోల్ ప్రాంతాల్లో తిరిగిన డబ్బులివి. ఆవిరి యంత్రంతో కొట్టిన నాణేలు కాబట్టి అంచులు గుండ్రంగా, అక్షరాలు తీరుగా ఉంటాయి. ఆంజనేయుడి బిళ్లకి వీటితో ఏ పోలికా లేదు. ఈ ఒక్క ముక్క ఫోన్లో నాన్నగారికి చెప్తే ఒక కుటుంబం కష్టార్జితం మిగులుతుంది.

పాత నాణేల కొనుగోళ్లంటూ తన పేరు వాడుకుని ఫీజులు వసూలు చేసేవాళ్లని నమ్మొద్దని రిజర్వ్ బ్యాంకు 2021 ఆగస్టులోనే హెచ్చరించింది. తాను అలాంటి వ్యవహారాల్లో లేనని కూడా స్పష్టం చేసింది.

చట్టం తెలియకపోతే చిక్కే

సరదాకి నాలుగు బిళ్లలు దాచుకుంటే ఎవరూ ఏమీ అనరు. కొని అమ్మడం మొదలుపెడితేనే వ్యవహారం మారుతుంది.

బ్రిటన్ స్టూడెంట్ వీసా మీద స్వయం ఉపాధికి అనుమతి లేదు. మీ సొంత వస్తువు ఒకటి అమ్ముకోవడం వేరు. లాభం కోసం వారం వారం సంతలో కొని ఆన్‌లైన్లో అమ్మడం వేరు. రెండోది వ్యాపారం కిందికి వస్తే వీసాకే ముప్పు. పది పౌండ్ల లాభం కోసం లక్షలు పోసిన చదువుని పణంగా పెట్టొద్దు. వ్యాపారానికి అనుమతి ఉన్నవాళ్లు కూడా ఏడాదికి వెయ్యి పౌండ్లకి మించి రాబడి వస్తే పన్ను శాఖకి లెక్క చెప్పాలి.

దంతం బిళ్లల జోలికి అసలే పోవద్దు. బ్రిటన్‌లో 2018లో చేసిన ఐవరీ చట్టం 2022 జూన్ 6 నుంచి అమల్లో ఉంది. కొద్ది మినహాయింపులు తప్ప దంతం వస్తువుల కొనుగోలు, అమ్మకం నేరం. ‘వందేళ్ల నాటిది కదా’ అంటే కుదరదు. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది. కాబట్టి బహుమతిగా ఇంటికి తీసుకెళ్లాలన్న ఆలోచన కూడా మానుకోండి.

ఇండియా నుంచి వచ్చేటప్పుడు తాతగారి పెట్టెలోని పాత నాణేలు సూట్‌కేసులో వేసుకురావడం ఇంకో పొరపాటు. 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నాణేన్ని అనుమతి లేకుండా దేశం దాటించకూడదు.

పొలాల్లో మెటల్ డిటెక్టర్ పట్టుకుని తిరగాలంటే భూమి యజమాని అనుమతి కావాలి. మూడు వందల ఏళ్లు దాటిన బంగారు, వెండి వస్తువులు దొరికితే 1996 ట్రెజర్ చట్టం కింద సమాచారం ఇవ్వాల్సి రావచ్చు. బిళ్ల ఏమిటో తెలియకపోతే పోర్టబుల్ యాంటిక్విటీస్ స్కీమ్ తరఫున కౌంటీల వారీగా పనిచేసే అధికారుల్ని అడగొచ్చు.

గుర్తుంచుకోండి

- నడుమ పేరు కన్నా అంచు మీది అచ్చు ముఖ్యం.
- అచ్చు కంపెనీని చెప్తుంది, ఏడాదిని చెప్పదు.
- బంగారంలా మెరిస్తే ముందు అక్షరాలు చదవండి, తర్వాత తూకం వేయండి.
- ‘ఇంకొకాయన అడుగుతున్నాడు, ఇప్పుడే తీసుకో’ అంటే బిళ్ల అక్కడే పెట్టేసి రండి.
- పోగొట్టుకున్నా బాధపడని మొత్తానికి మించి కొనొద్దు. ఇది సరదా, పెట్టుబడి కాదు.
- కొన్న చోటు, తేదీ, ధర ఓ పుస్తకంలో రాసి ఉంచండి. రేపు మీ పిల్లలకి ఆ రాతే బిళ్లకన్నా ఎక్కువ చెప్తుంది.

ఒకనాడు ఎవరో ఆటలో ఓడి బల్ల అవతలికి తోసేసిన బిళ్ల ఇది. దాన్ని కొనబోయి మనం రెండోసారి ఓడకూడదు. వచ్చే ఆదివారం సంతకి వెళ్తే డబ్బాలోంచి ఒక బిళ్ల తీయండి. ధర అడగడానికి ముందు టార్చి వేసి అంచు చూడండి!